లెక్కలోకి రాని రోజులు

ఆ ఏడాది స్కూలు ఫోన్ ఎప్పుడూ నేను టైర్ల షాపులో కారు కింద దూరినప్పుడే మోగేది. "రాయిస్, ఇవాళ మీవాడికి బాగాలేదు. ఇంటికి తీసుకెళ్తావా?" అనేది ప్రిన్సిపాల్ హాల్డేన్. మర్యాదగా అడిగిందని మురిసిపోయి వెళ్లేవాణ్ణి.

మా ఎమెట్‌కు తొమ్మిదేళ్లు. మాటలు సరిగా రావు. గంట మోగితే గోడకు తల కొట్టుకుంటాడు, అడ్డొచ్చినవాళ్లను కొరుకుతాడు.

చర్చిలో భోజనాల దగ్గర అలాంటి పిల్లాడి తల్లే ఒకామె నా భార్య ట్వైలాకు చెప్పింది. చట్టం ప్రకారం ఇలాంటి పిల్లల్ని ఏడాదిలో పది రోజులకు మించి సస్పెండ్ చేస్తే, మరో పది బడి రోజుల్లోగా బడివాళ్లూ తల్లిదండ్రులూ కూర్చుని, ఆ గొడవ జబ్బువల్లే జరిగిందా అని తేల్చాలి. జబ్బువల్లే అయితే వెళ్లగొట్టడానికి లేదు.

"వాళ్ల కాగితాల్లో సస్పెండ్ చేసినవి రెండు రోజులే ఉన్నాయి," అంది ట్వైలా. "మిగతావన్నీ నువ్వు ముచ్చటపడి తీసుకొచ్చినవే, మహానుభావా! వాణ్ణి ఊరవతల బడికి తోసేయాలని చూస్తున్నారు. ఈసారి రాసివ్వందే తీసుకురాకు."

మంగళవారం మళ్లీ ఫోన్. వెళ్లేసరికి ఎమెట్ నేలమీద బోర్లా ఉన్నాడు. ఇలాంటి పిల్లల్ని చూసుకోడానికి బడివాళ్లు పెట్టిన స్ట్రౌడ్ వాడి వీపుమీద మోకాలు పెట్టి, చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. వాడి పెదవి చిట్లి రక్తం కారుతోంది.

"తీసుకెళ్లు," అంది హాల్డేన్.

"సస్పెండ్ చేశామని రాసివ్వండి."

"మనలో మనకి కాగితాలెందుకు రాయిస్?"

"రాయండి."

ఎమెట్ నావైపు చూశాడు. నేను గుమ్మం దాటి వాడి దగ్గరికి వెళ్లలేదు.

"మీ నాన్నకి కూడా వద్దట్రా నువ్వు," అని నవ్వి, స్ట్రౌడ్ మోకాలు ఇంకా నొక్కాడు. పిల్లాడి గొంతులోంచి ఊపిరాడని కేక వచ్చింది.

స్ట్రౌడ్‌ను కాలర్ పట్టి లేపి మొహం మీద గుద్దాను. ముక్కు విరిగిన చప్పుడైంది. మళ్లీ గుద్దాను. కింద పడ్డాక కూడా గుద్దాను. పోలీసు డిప్యూటీ వచ్చి, నా తల గోడకేసి కొట్టి బేడీలు వేశాడు.

అప్పుడు కోపంతో రాసింది హాల్డేన్: ఎమెట్ పది రోజులు సస్పెండ్. తండ్రి బడి గడప తొక్కకూడదు.

"రెండూ పదీ పన్నెండు రోజులయ్యాయి," అంది ట్వైలా, జైలు అద్దం అవతలనుంచి. "ఇక కూర్చోక చస్తారా!"

గడువు ఆఖరి రోజున కూర్చున్నారు. ట్వైలా ఒక్కతే వెళ్లింది. వాడి గొడవ జబ్బువల్లేనని తేల్చి, ఎమెట్‌ను అదే బడిలో ఉంచారు.

జైలునుంచి వచ్చాక, రోజూ పొద్దున్నే నేను ట్రక్కు రోడ్డుమీదే ఆపుతాను. వాడు తలుపు తనే తీసుకుని దిగిపోతాడు. చెయ్యి ఇస్తే ఇదివరకులా పట్టుకోడు.