వెనక గది మీద పొగ

“మాస్టారూ, మీ ఇల్లు తప్పు.”

మ్యూజియం మేడమ్ గుమ్మంలోంచే అనేసింది. కూర్చోలేదు, మంచినీళ్ళు కూడా అడగలేదు. చేతిలో ఒక ఫొటో పట్టుకుని నిలబడింది.

అతను సన్నటి పట్టకారు కింద పెట్టాడు. చుట్టుపక్కల అందరూ అతన్ని అట్టల మేస్త్రి అంటారు. ఆ పేరు తగిలించింది అతని అక్కే. “మా వాడూ మేస్త్రీయే. కాకపోతే వాడు కట్టిన ఇంట్లో ఈగ కూడా కాపురం చెయ్యలేదు” అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వించేది. తల నెరిసినా ఆ పేరు పోలేదు.

“ఏది తప్పు మేడమ్? కొలతా?”

“కొలత కాదు. కూలిన తీరు.”

గది మధ్యలో రెండు మంచాలంత బల్ల. దాని మీద ఒక ఊరు. యుద్ధకాలంలో, ఒక మధ్యాహ్నం, విమానాలు బాంబులు వేసి వెళ్ళిపోయిన కాసేపటికి ఆ ఊరు ఎలా ఉందో అలా. మ్యూజియంలో అద్దం వెనక పెట్టడానికి అతను ఇల్లిల్లూ చేత్తో కట్టుకొస్తున్నాడు. గోడలకి అట్ట, ఇటుకల గీతలకి గుండుసూది, పెంకులకి కాగితం పీలికలు. కిటికీ చట్రం కావాలంటే ప్లాస్టిక్ పుల్లని కొవ్వొత్తి మీద వేడిచేసి దారంలా సాగదీస్తాడు. బజార్లో దొరికే బొమ్మ ఇల్లు ఒక్కటి కూడా ఆ బల్ల ఎక్కలేదు.

కూలిన ఇంటికి అతని పద్ధతే వేరు. శిథిలాన్ని శిథిలంగా చెయ్యడు. ముందు ఇంటిని పూర్తిగా కడతాడు. దూలాలు, మెట్లు, అటకతో సహా. తర్వాత బాంబు ఎటునుంచి పడిందో అటునుంచి విరగ్గొడతాడు. “కట్టనిది ఎలా కూలుతుంది?” అంటాడు ఎవరైనా అడిగితే.

ఆ బల్ల మీద ఒక మూల, వీధి కుళాయి పక్కన, అతని ఇల్లు కూడా ఉంది. పుట్టిన ఇల్లు. బాంబులు పడ్డప్పుడు అతనికి అయిదేళ్ళు. ఒక్క ముక్క గుర్తులేదు. మెట్లెన్ని, తలుపుకి ఏ రంగు, పొయ్యి ఏ మూల, అంతా అక్క నోటి నుంచి విన్నదే. కూలిన తీరు కూడా ఆమె చెప్పినట్టే కట్టాడు. ఇల్లంతా నేలమట్టం.

“ఇల్లు మొత్తం ఒక్కసారిగా కూలిందిరా. అమ్మ వెనక గదిలో నిద్రపోతోంది. తెలిసేలోపే అయిపోయింది. నొప్పి కూడా తెలిసుండదు.”

చిన్నప్పటి నుంచీ ఇవే మాటలు, ఇదే వరసలో. అమ్మ ఎక్కడుందని అతను ఏడ్చినప్పుడల్లా అక్క ఈ మాటలే చెప్పింది. అతను వాటిని పట్టుకునే పెరిగాడు. అక్క కూడా వాటిని పట్టుకునే బతికింది. పెళ్ళి చేసుకోలేదు. కుట్టుమిషను ముందు కూర్చుని తమ్ముణ్ణి పెంచింది.

“నీళ్ళ ట్యాంకు ఎక్కి ఒకాయన ఆ మధ్యాహ్నమే తీసిన ఫొటో ఇది,” అంది మేడమ్. “ఆయన మనవరాలు నిన్న తెచ్చిచ్చింది. చూడండి.”

అతను భూతద్దం తీశాడు. వీధి దొరికింది. కుళాయి దొరికింది. కుళాయి పక్కన ముందు గది రాళ్ళకుప్ప. దాని వెనకాల...

భూతద్దం ఒకసారి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

వెనక గది నిలబడే ఉంది. కప్పు నిలబడే ఉంది. పక్కసందు వైపు కిటికీ రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల నువ్వుగింజంత నలుపు.

అతనికి ఎవరూ లెక్క చెప్పక్కర్లేదు. ఎన్ని ఇళ్ళు విరగ్గొట్టాడు! మధ్యగోడ దెబ్బంతా తను తిన్నది. దూలం దాని మీద ఆనుకుని ఆగింది. అలాంటి గదిలో మనిషి ఉంటే బతికే ఉంటుంది. ఆ వీధిని నిప్పు కాల్చేసింది సాయంత్రం. అది ఊరందరికీ తెలిసిన సంగతే. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మధ్య ఆ గదిలో...

ఫొటోని బోర్లించేశాడు.

“మీ ఇల్లని తెలుసు మాస్టారూ. అందుకే ఫోన్లో చెప్పలేకపోయాను,” అంది మేడమ్ గొంతు తగ్గించి.

“ఒక్క ఇల్లు మేడమ్. ఇంత ఊళ్ళో ఈ ఒక్క ఇల్లు నేను కట్టినట్టే ఉండనివ్వండి. నా కోసం కాదు. మా అక్క చూస్తుంది. అమ్మ క్షణంలో పోయిందని నమ్ముకుని ఇన్నాళ్ళు బతికిన మనిషి. ఈ కప్పు చూస్తే తట్టుకోలేదు.”

“రొట్టెల దుకాణం గోడ కాస్త అందంగా ఉండాలని నేనంటే మీరేమన్నారు? ఉన్నది ఉన్నట్టు కట్టకపోతే పోయినవాళ్ళని రెండోసారి చంపినట్టని. మ్యూజియంకి వచ్చేవాళ్ళందరికీ ఆ ఊళ్ళో ఒక ఇల్లుంది మాస్టారూ. ఒక్కదాని విషయంలో అబద్ధమాడితే మిగతావాటిని ఎవరు నమ్ముతారు?”

తన మాటే తన నెత్తిన పడింది.

వెనక గదిని మళ్ళీ కట్టాడు. పెంకులు వంకరపోయాయి. పీకి మళ్ళీ వేశాడు. కిటికీ తలుపులు తెరిచి పెట్టి, జిగురు చుక్క వేసి, అవతలికి పోయి మొహం కడుక్కున్నాడు.

బల్ల మ్యూజియంకి చేరింది. ఇక మిగిలింది ఒకటే దారి. అక్క అటు రాకుండా ఆపడం.

“ప్రారంభం రోజున తొక్కిసలాట అక్కా. నీ మోకాళ్ళు తట్టుకోవు,” అన్నాడు ఆమె షాపులో కూర్చుని.

అక్క మిషను ఆపలేదు. “నా మోకాళ్ళ సంగతి నా మోకాళ్ళు చూసుకుంటాయి. నువ్వు నీ అట్టలు చూసుకో.”

“పైఅంతస్తు. లిఫ్టు లేదు.”

“ఉందని మొన్న నువ్వేగా చెప్పావు? అందులో అద్దం కూడా ఉంది, తల దువ్వుకోవచ్చు అన్నావు.”

“పాడైంది.”

“బాగుచేశాక చెప్పు. ఆ రోజే వస్తా.” దారం పంటితో తెంపి అతని వంక చూసింది. “ఏంట్రా ఆ మొహం? నా వాటా కూడా తినేసి మూతి తుడుచుకున్నవాడిలా ఉన్నావు. ఇల్లు బాగా కుదరలేదా? కుదరకపోతే తిడతాలే, అంతేగా. నీకు కొత్తా?”

“అది కాదు...”

“చూడు చిన్నోడా. కంటి ఆపరేషన్ చేయించుకున్నది పేపరు చదవడానికి కాదు. చచ్చేలోపు మా వీధి ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలి. నువ్వు కట్టకపోతే ఇంకెవడు కడతాడ్రా నాకు?”

ప్రారంభానికి ముందురోజు, జనం లేనప్పుడు తనే తీసుకెళ్తానన్నాడు.

ఆ ముందురోజు పొద్దున్నే మ్యూజియంకి వెళ్ళి జేబులోంచి దూది తీశాడు. పొరలు పొరలుగా లాగాడు. బూడిద రంగు చిమ్మాడు. వెనక గది కప్పు మీదా కిటికీ మీదా దట్టంగా పొగ కప్పేశాడు. గోడ కనబడదు, కిటికీ కనబడదు. ఇల్లు మాత్రం ఫొటోలో ఉన్నట్టే ఉంది.

మేడమ్ వచ్చి చూసింది. “ఫొటోలో అక్కడ పొగ లేదే?”

“ఫొటో ఒక్క క్షణానిది మేడమ్. పొగ గాలిని బట్టి పోతుంది.”

ఆమె అతని మొహంలోకి చూసింది. ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

అక్క వచ్చింది. లిఫ్టులో అద్దం చూసి “బాగుచేసినట్టున్నారే!” అని ఒకటి అంటించింది. హాల్లోకి అడుగుపెట్టగానే నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళింది. బల్లకి అద్దాలు ఇంకా బిగించలేదు. అంచు పట్టుకుని మెల్లిగా నడిచింది.

“ఇదుగో రొట్టెల దుకాణం. దొంగ వెధవ, తూకంలో కొట్టేసేవాడు. ఇదుగో కుళాయి! ఇక్కడే కదరా నీ ముక్కు కడిగేదాన్ని. అది కారినంతగా ఈ కుళాయి కూడా కారేది కాదు.” నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. ఒక అడుగు వేసింది. ఆగిపోయింది.

ముందు గది రాళ్ళకుప్ప చూసింది. పొగ చూసింది. ఎదురిల్లు చూసింది. పక్కిల్లు చూసింది. మళ్ళీ పొగ చూసింది.

“ఇదేంట్రా?”

“పొగ.”

“నిప్పు సాయంత్రం కదా అంటుకుంది? ఎదురింటికి లేదు, పక్కింటికి లేదు. మన వెనక గదికే వచ్చిందా?”

అతను పొగ అంచుని వేలితో సర్దాడు.

“బతుకంతా బట్టలు కుట్టాను,” అంది అక్క. “అతుకు కనబడితే కింద చిరుగుందని తెలియదా నాకు? ఆ గది కూలలేదు. నీకు తెలుసు. అంటే ఆ రోజు నువ్వు చూశావన్నమాట.”

“నేనా? ఏం చూశాను?”

“నిన్ను భుజాన వేసుకుని ఈ సందులోంచే పరిగెత్తాను. నా మొహం ముందుకి, నీ మొహం వెనక్కి. ఆ కిటికీ దాటగానే ‘అమ్మా’ అన్నావు. ఏడుపు కాదది. నీ ఏడుపు నాకు తెలియదా? మనిషి కనబడితే పిలుస్తారు చూడు, అలా పిలిచావు.” బల్ల అంచు మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. “నేను తిరిగి చూడలేదురా. తిరిగితే ఆగాలి. ఆగితే నిన్ను కిందికి దింపాలి. దుమ్ములో మొత్తం కూలిపోయిందనుకున్నాను. అలా అనుకునే పరిగెత్తాను.”

“అక్కా...”

“బడికెళ్ళే వయసులో అడుగుతావనుకున్నా. మీసాలొచ్చాక అడుగుతావనుకున్నా. నీ పెళ్ళిరోజున నీ పక్కకి రావడానికే భయం వేసింది. అడగలేదు. మంచివాడివి కదా, కడుపులోనే దాచుకున్నావనుకున్నా. ఇవాళ దూది కప్పి దాచావు.”

అతనికి ఏమీ గుర్తులేదు. ఎంత తవ్వినా ఒక తెల్లటి దుమ్ము, అక్క మెడ దగ్గర చెమట వాసన, అంతే. ఆ మాటే చెబితే? నమ్మదు. ఇంకా దాస్తున్నాడనుకుంటుంది. నమ్మినా, ఇన్నేళ్ళూ తమ్ముడి దగ్గరుందనుకున్న జవాబు ఎక్కడా లేదని తెలుస్తుంది. ఇక ఆమెకి పడుకున్నా లేచినా ఆ కిటికీయే.

పట్టకారు తీసుకున్నాడు. దూదిని పొర పొరగా లాగేశాడు. కప్పు బయటపడింది. కిటికీ బయటపడింది.

“నిలబడే ఉంది,” అంది అక్క, ఊపిరి తప్ప మాట వినబడకుండా.

“చూశానక్కా,” అన్నాడు అతను. ఆ ఊళ్ళో ఒక్క ఇటుక కూడా ఊహించి పెట్టనివాడు మొదటిసారి లేనిది కట్టడం మొదలుపెట్టాడు. “అమ్మ పడుకునే ఉంది. నేను పిలిచాను. కదల్లేదు. నువ్వు చెప్పినట్టే, అప్పటికే అయిపోయింది. దెబ్బకి ఊపిరి ఆగిపోయి ఉంటుంది. నువ్వు ఆగినా చేసేదేమీ లేదు.”

“మొహం కనబడిందా?”

“లేదు. గోడ వైపు తిరిగి ఉంది.”

అక్క అతని కళ్ళలోకి చూస్తూ ఉండిపోయింది. తల ఊపింది.

“అవును. గోడ వైపే తిరిగి పడుకునేది.”

నిజంగానే గుర్తొచ్చి అందో, తమ్ముడి కోసం అందో అతనికి అంతుపట్టలేదు. అడగలేదు. ఇక ఎప్పటికీ అడగడు.

“ఆ కిటికీ తలుపులు మూసెయ్,” అంది అక్క.

“ఆ రోజు తెరిచే ఉన్నాయక్కా.”

“ఉండనీ. మూసెయ్.”

అతను బల్ల మీదికి వంగాడు. కట్టరు మొనతో జిగురు తెంపాడు. ఒక తలుపు, తర్వాత రెండోది. గోరులో సగం కూడా లేవు రెండూ. లోపలి నలుపు సన్నటి గీతయింది. ఆ గీత కూడా పోయింది.

గుమ్మం దగ్గర అడుగుల చప్పుడయింది. మేడమ్ ఎప్పుడొచ్చిందో, బల్ల దగ్గరికి రెండడుగులు వేసి, “మాస్టారూ, ఆ కిటికీ...” అని మొదలుపెట్టింది.

అక్క ఆమె వైపు తిరిగింది.

“మా అమ్మకి ఆ రోజు జ్వరంతో ఒళ్ళు కాలిపోతోందమ్మా. చలిగాలి తగలకూడదు.”

మేడమ్ ఒక అడుగు వెనక్కి వేసింది. అక్క రెండు చేతులూ బల్ల అంచు మీద ఆన్చి, మూసిన కిటికీనే చూస్తోంది. జిగురు ఆరేదాకా అతను ఆ రెండు తలుపుల్నీ పట్టకారుతో నొక్కిపట్టి, ఒంగిన వాడు ఒంగినట్టే ఉండిపోయాడు.