జయపాల్ ఇంటి ప్రార్థన అంశాలు

కంకిపాడులో జయపాల్ సంగతి తెలియనివాళ్లు లేరు. తెలియకుండా అతను ఉండనిస్తేగా! పొద్దున తిన్న పెసరట్టు మొదలుకుని రాత్రి వేసుకున్న జ్వరం మాత్ర దాకా అన్నీ స్టేటస్‌లో పెట్టాల్సిందే. కాలవకి నీళ్లొదిలితే ఫోటో, బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే ఫోటో, ఆ సీటు ఎవరైనా లాక్కుంటే నాలుగు ముక్కల బాధ. చేసేది విజయవాడలో కరెంటాఫీసులో గుమాస్తా ఉద్యోగమే గానీ ప్రాణమంతా కొత్త యాప్‌ల మీద, కొత్త వస్తువుల మీద. నిద్ర ఎంత పట్టిందో చెప్పే వాచీ కొన్నాడు. ఆ వాచీ ఏం చెబుతుందోనన్న బెంగతో ఉన్న నిద్ర కాస్తా పోయింది. తనంతట తానే ఇల్లూడ్చే మిషను కొన్నాడు. అది మంచం కింద దూరి బయటికి రాలేక గీపెట్టేది.

"అటక నిండింది గానీ ఈయన సరదా తీరలేదు" అని నవ్వేది భార్య క్రిస్టినా. ఆమె పక్క ఊరి బళ్లో టీచరు.

నవ్వేది అన్నాను చూశారా, ఆ నవ్వు దీవెన వచ్చిన రోజుతోనే పోయింది.

దీవెన క్రిస్టినా సొంత చెల్లెలు. భర్త జోయెల్‌ది విజయవాడలో భవానీపురం. ఆదివారం గుడిలో కీబోర్డు వాయించేవాడు, పాట ఎత్తుకుంటే ముసలమ్మలు కళ్లు తుడుచుకునేవారు. పైకి నోట్లో వేలు పెడితే కొరకలేడు. తలుపేసుకున్నాక ఏం చేసేవాడో దీవెన ఒంటికి తెలుసు. ఒక సాయంత్రం ఆ పిల్ల విరిగిన చేతిని చున్నీలో వేలాడేసుకుని షేరాటో దిగింది. జయపాల్ దగ్గరుండి కట్టు కట్టించాడు. వెనకాలే జోయెల్ వస్తే గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ముందు నన్ను దాటి వెళ్లవయ్యా" అన్నాడు. అక్కణ్ణుంచి కదలలేదు.

"ఉంచుకోండన్నయ్యా, ఎన్నాళ్లుంచుకుంటారో" అన్నాడు జోయెల్ మెల్లగా. "ఈసారి నా చేతికి దొరికితే మాత్రం ఒక్క చెయ్యితో సరిపెట్టను."

ఆ రాత్రి దీవెన బావ చేతికి తన నుదురు ఆనించి, "నువ్వుంటే నాకు భయం లేదు బావా" అంది. చెప్పుకోకూడదు గానీ, జయపాల్ పుట్టి బుద్ధెరిగాక అతన్ని అంత పెద్దవాణ్ణి చేసిన మాట మరొకటి లేదు.

రెండు రోజులు గడిచాక క్రిస్టినా చెల్లెల్ని ఎక్కడికో తీసుకెళ్లి దించి వచ్చింది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. "మీరు మంచోళ్లే. కానీ మీ నోట్లో నువ్వుగింజ నానదండీ" అంది. జయపాల్‌కి చివుక్కుమంది. చెప్పనంటే చెప్పనని ఒట్టేసి మూతి ముడుచుకున్నాడు. అయినా ఆమె చెప్పలేదు.

ఇక సంఘం సంగతి. వాళ్ల సంఘానికి ఫోన్లో ఒక ప్రార్థన గ్రూపుంది. ప్రతి ఇంటివాళ్లూ పొద్దున్నే తమ ప్రార్థన అంశాలు అందులో పెట్టాలి, మిగతావాళ్లు చదివి ఆమెన్ అనాలి. జోయెల్‌ని అందులోంచి తీసెయ్యమని క్రిస్టినా సంఘ పెద్ద సంజీవరావు గారిని అడిగింది.

"తప్పిపోయిన గొర్రెని మంద నుంచి తోలేస్తామా అమ్మా? అసలు నువ్వే ఆ పిల్ల ఎక్కడుందో చెప్పావంటే, పెద్దలం నలుగురం కూర్చోబెట్టి రాజీ చేస్తాం గదా" అన్నాడాయన. ఎంత జాలి! విరిగిన చెయ్యి ఆయనది కాదు మరి.

జోయెల్ గ్రూపులోనే ఉన్నాడు. ఎవరి ఇంటి అంశం వచ్చినా మొదటి ఆమెన్ అతనిదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే జయపాల్ ఆ పెట్టె కొన్నాడు. గుండ్రంగా, అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. ఇంట్లో మాటలు వింటుంది, చెప్పిన పని చేస్తుంది, మనం రాయాల్సినవి మన పేరుతో రాసి పంపుతుంది. తెలుగు కూడా వచ్చు. జయపాల్ హాల్లో టీవీ పక్కన పెట్టి రెండు రోజులు దానితోనే మాట్లాడాడు. రోజూ ప్రార్థన అంశాలు టైపు చెయ్యడం అతనికి ప్రాణసంకటంగా ఉండేది. దాంతో ఒక ఆలోచన తట్టింది. "ఈ ఇంట్లో ఎవరు ప్రార్థన చేసినా అందులోని అంశాలు ఏరి, పొద్దున్నే నా పేరుతో గ్రూపులో పెట్టు" అని పురమాయించాడు. సాయంత్రం కుటుంబ ప్రార్థన ఒకరోజు తను చేస్తే ఇంకోరోజు క్రిస్టినా చేస్తుంది కదా, అందుకని ఎవరు చేసినా అన్నాడు. అంతకుమించి ఆ మాటలో ఏమీ లేదు.

అబ్బో, ఎంత బాగా రాసేదనుకున్నారు! చిన్నాన్న మోకాళ్ల నొప్పులు, నాట్లకి వాన, ఆఫీసులో బదిలీ, ఒక్కోటీ విడివిడిగా, చివర "జయపాల్ కుటుంబం" అని. పాస్టరు గారు ఆదివారం అందరి ముందూ మెచ్చుకున్నారు. జయపాల్ ఆ సంగతి కూడా స్టేటస్‌లో పెట్టాడు.

ఒక ఆదివారం పొద్దున, పెళ్లిరోజని, భార్యకి అలాంటిదే ఇంకో పెట్టె తెచ్చి వంటింట్లో అల్మరా మీద పెట్టాడు. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టి, అయిపోగానే స్టవ్ ఆపమని చెబుతుంది. బడికి పరిగెత్తే హడావిడిలో రోజూ పప్పు మాడ్చుకునే క్రిస్టినాకి అది నచ్చింది.

"ఏవండీ, ఇది కూడా మాటలు వింటదా?" అని అడిగింది మాత్రం.

"ఛ ఛ, విజిల్స్ లెక్కపెట్టుకోడానికేలే" అన్నాడు జయపాల్.

అబద్ధమాడాలని ఆడలేదు. అతనూ అలాగే అనుకున్నాడు. కొత్త పెట్టెని కలిపేటప్పుడు పాత పెట్టె నేర్చుకున్నదంతా దీనికీ ఇవ్వమంటారా అని అడిగితే ఇవ్వమన్నాడు. మళ్లీ మొదటినుంచీ ఎవరు నేర్పుతారు!

ఆ మధ్యాహ్నమే జోయెల్ వచ్చాడు. చేతిలో బందరు లడ్డూ పొట్లం, మొహాన చిరునవ్వు. క్రిస్టినా గదిలోంచి బయటికి రాలేదు. గేటు దగ్గరే ఆపేద్దామనుకున్న జయపాల్, అంత మర్యాదగా నమస్కారం పెట్టేసరికి కూర్చోమన్నాడు. ఆ మొహమాటమే మనల్ని ముంచేది.

"మీ ఇంటి అంశాలు రోజూ చదువుతున్నానన్నయ్యా. ఒక్కటీ వదలను" అన్నాడు జోయెల్. టీవీ పక్కన పెట్టెని చూశాడు. "ఇదేనా రాసేది?"

తన సామాను గురించి ఎవరైనా అడిగితే జయపాల్‌కి ఇక ఒళ్లు తెలియదు. ఎదురుగా ఉన్నది ఎవరో కూడా మరిచిపోయి అంతా విప్పి చెప్పాడు. జోయెల్ కాఫీ చల్లారిపోతున్నా కదలకుండా విన్నాడు. లేచేటప్పుడు అతని చూపు వంటింటి వైపు తిరిగి, అల్మరా మీద రెండో పెట్టె దగ్గర ఆగింది.

"వదిన ప్రార్థనలు కూడా పెడతా ఉండండన్నయ్యా. ఆవిడ ప్రార్థనకి బలమెక్కువ" అన్నాడు.

ఆ మాట జయపాల్‌కి ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకో అతనికి తెలియలేదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. జోయెల్ వెళ్లాక క్రిస్టినా బయటికొచ్చి లడ్డూ పొట్లం చెత్తబుట్టలో పడేసి, అతను కూర్చున్న కుర్చీ తడిగుడ్డతో తుడిచింది.

"వాడికి ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా ఇవ్వొద్దు. దాని జాడ వాడికి తెలిసిన రోజున మనం దాన్ని బతికుండగా చూడం. గుర్తుంచుకోండి" అంది.

"నాకే తెలియదు, వాడికేం తెలుస్తుంది?" అన్నాడు జయపాల్. నిజమే.

క్రిస్టినాకి తెల్లవారక ముందే లేచి, వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని, కొంగు నెత్తిన కప్పుకుని ఒంటరిగా ప్రార్థించే అలవాటు ఉంది. పక్కమీదున్న జయపాల్‌కి గొణుగుడు వినిపిస్తుంది, మాటలు వినపడవు. మనవాళ్ల ప్రార్థన సంగతి మీకు తెలుసుగా, దేవుడికి అడ్రసుతో సహా చెబుతారు. ప్రభువా, ఫలానా ఊళ్లో ఫలానా వీధిలో ఫలానా వారింట్లో మంచం మీదున్న నీ దాసుణ్ణి ముట్టుము తండ్రీ అంటారు. ఆయనకి తెలియదా అంటే పెద్దవాళ్లు కోప్పడతారు. భర్తకి చెప్పలేని మాట, అక్కచెల్లెళ్లకి చెప్పుకోలేని దిగులు, అన్నీ అక్కడ నోరారా చెప్పుకోవాలి. కడుపులో ఉంచుకుంటే అది ప్రార్థన ఎలా అవుతుంది? ఊరంతటికీ తెలియకుండా క్రిస్టినా కాపాడుకున్న మాట రోజూ ఆ వంటింట్లోనే బయటికొచ్చేది. జయపాల్ అంత ఆలోచించలేదు. భార్య ఆ గదిలో ప్రార్థన చేస్తుందని అతనికి తెలుసు. ఎవరు ప్రార్థన చేసినా అని తనే చెప్పాడనీ తెలుసు. రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు, అంతే.

మర్నాడు సోమవారం పొద్దున జయపాల్ విజయవాడ బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు దొరికింది, ఫోటో పెట్టాడు. శుభోదయాల గోల పడలేక గ్రూపు మోతని ఎప్పుడో నొక్కేశాడు. బెంజి సర్కిల్ దగ్గర బస్సు ఆగిపోతే ఊసుపోక తెరిచాడు. తన పేరు కింద వరసగా ఆమెన్‌లు, చేతులు జోడించిన బొమ్మలు. ఇన్ని ఎప్పుడూ రాలేదు. సంతోషంగా పైకి జరిపి అసలు అంశం చదివాడు.

"చెల్లి దీవెన క్షేమం కొరకు. కొండపల్లి, బొమ్మల కాలనీ, శౌరమ్మ గారి మేడ మీద గదిలో పగలంతా ఒంటరిగా ఉంటోంది. శత్రువు కంట పడకుండా దేవుడు కాపాడాలి. జయపాల్ కుటుంబం."

చదివాక గానీ తెలియలేదతనికి, దీవెన ఎక్కడుందో.

మొదటి ఆమెన్ జోయెల్‌ది. దాని పక్కన "దేవునికి స్తోత్రం అన్నయ్యా" అని కూడా ఉంది.

ఆ క్షణాన క్రిస్టినాకి ఫోన్ చెయ్యాలి. ఎవరైనా చేసేది అదే. జయపాల్ ముందు మెసేజ్ తుడిచేశాడు. తర్వాత పెట్టెలు రెండూ ఫోన్లోంచే ఆపేశాడు. సాంకేతిక లోపం వల్ల పొరపాటున వచ్చింది, పట్టించుకోవద్దని గ్రూపులో రాశాడు. జోయెల్ అంశం చదవకుండానే ఆమెన్ కొడతాడేమోలే అనుకున్నాడు. భార్య మొహం గుర్తొచ్చినకొద్దీ అతని వేలు ఆమె నంబరు మీదికి పోనంది. పిరికితనం కాకపోతే ఏమిటది! గేటుకి అడ్డంగా నిలబడ్డవాడు ఫోనుకి భయపడ్డాడు.

బస్టాండులో దిగుతుంటే ఫోన్ మోగింది. జోయెల్.

"మెసేజ్ తీసేశారేంటన్నయ్యా? ఎవరి కంట్లో పడాలో వాళ్ల కంట్లో పడనే పడింది. ఫోటో తీసి దాచుకున్నాను కూడా" అన్నాడు. గొంతు తీయగానే ఉంది. వెనకనుంచి బొమ్మల చెక్కని ఆకురాయితో రుద్దుతున్న చప్పుడు, ఎవరో పిల్లలు నవ్వుతున్న చప్పుడు. "నేను మర్యాదగానే మాట్లాడతాలెండి. మీరు ఆఫీసుకెళ్లండి."

 జయపాల్ అక్కడే సామాన్ల మధ్య సిమెంటు దిమ్మ మీద కూలబడి క్రిస్టినాకి చేశాడు. ఆమె క్లాసులో ఉండి ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మళ్లీ. ఎత్తింది. ఎలా చెప్పాడో అతనికే తెలియదు. ఆమె తిట్టలేదు, అరవలేదు.

"కొండపల్లి బస్సెక్కండి. దాని దగ్గర ఫోన్ లేదు, శౌరమ్మ గారిని లైన్లోకి తీసుకుంటా" అంది అంతే.

బస్సు కోసం ఎవరు ఆగుతారు! ఎదురొచ్చిన ఆటో ఎక్కి కొండపల్లి అన్నాడు. ఆటో భవానీపురం దాటుతుండగా చెవి దగ్గర ఫోన్లో రింగు వినిపించింది. చాలాసేపటికి ఒక ముసలి గొంతు పలికింది.

"టీచరమ్మా, నువ్వా? మీ మరిది గారు వచ్చెళ్లారమ్మా. మంచి అబ్బాయి, కాళ్లకి దండం పెట్టాడు."

"దీవెన ఏదండీ? ముందు దీవెనకి ఫోనివ్వండి!" క్రిస్టినా గొంతు చీలిపోయింది.

"లేదు గదమ్మా, అతనితోనే వెళ్లింది. నేనేం ఊరికే తలుపు తియ్యలా. ఎవరు పంపారో చెప్తేగాని తియ్యనన్నా. మీ ఆయన పేరు చెప్పాడు. ఫోన్లో ఆయన ఫోటో, ఆయన పంపిన మా అడ్రసు చూపించాడు. మీ ఇంటాయనే పంపాడు గదా అని గడియ తీశా. తప్పు చేశానా ఏంటమ్మా?"

 జయపాల్ ఆటోని ఇంకా తొందరగా పోనిమ్మన్నాడు.

"పిల్లయితే ముందు రానని మంచం కోడు పట్టుకుంది" అంది శౌరమ్మ. "మా బావ చెప్పడు, మా బావ చచ్చినా చెప్పడు అని ఒకటే మాట. అతను ఫోను దాని చేతిలో పెట్టాడు. చదువుకుంది.  కోడు వదిలేసి చెప్పులేసుకుంది."