ఆగని వేలు

ఈపూరు పక్కన ఓ ఊళ్లో మిరపనారు పోయాలంటే మస్తానమ్మే పోయాలి. ఆమె చేతివాసి అలాంటిది. అందుకే ఈ ఏడు పక్కింటి కవిత, కౌలుకు తీసుకున్న ఎకరం కోసం తెచ్చిన విత్తనమంతా ఆమె ఒళ్లో పెట్టి, "నీదే భారం అత్తా" అంది.

మస్తానమ్మ పెరట్లో మడి కట్టి, విత్తనం చల్లి, పైన వరిగడ్డి కప్పింది. తొమ్మిదో రోజుకు మొలక కనబడుతుంది. అప్పటిదాకా నీళ్లు చిలకరించి ఊరకే కూర్చోవడమే పని.

ఆ కూర్చోవడంలోనే వచ్చింది చిక్కు. నరసరావుపేటలో ఇంటర్ చదివే మనవరాలు యశస్విని సెలవుకు వచ్చి, నాయనమ్మకు పొద్దుపోతుందని ఫోనులో ఒక సేద్యం ఆట పెట్టి పోయింది. అందులో మడి మీద వేలు పెడితే విత్తనం పడుతుంది. టీ తాగేలోపు పంట చేతికొస్తుంది. కోస్తే గణగణ గంటలు మోగి బంగారు కాసులు రాలతాయి. తెగులు లేదు, కరెంటు కోత లేదు, కూలీల గడపలు తొక్కే పని అసలే లేదు.

మూడు రోజుల్లో మస్తానమ్మకు లోకమంతా నత్తనడక అయిపోయింది. పొయ్యి మీద అన్నం ఉడకదు. బర్రె పాలు చేపదు. వినుకొండ బస్సు రాదు. గంట మోగినంతసేపూ మొహం వెలిగేది, ఫోను కింద పెడితే మళ్లీ చిరాకే.

నాలుగో రోజు పొద్దున నీళ్లు చిలకరిస్తూ ఓ మూల గడ్డి తొలగించి చూసింది. నల్లమట్టి తప్ప ఏమీ లేదు.

"ఇంకా మొలవదేంది!"

వేలు పెట్టి గీకింది. ఉబ్బిన విత్తనాలు పైకొచ్చాయి. చెయ్యి తీయాలని తెలుసు, వేలే ఆగలేదు. చాటంత మేర తిరగేశాక గాని తెలివి రాలేదు.

వెంటనే మనవరాలికి ఫోను చేసింది.

"ఒసేయ్, నా బుర్రకేందో అయిందే. వేలు నా మాట ఇనట్లా."

యశస్విని పడీపడీ నవ్వింది. "గంట మోగినప్పుడల్లా నీ బుర్రకి బెల్లంముక్క దొరుకుతోంది నాయనమ్మా. అది మరిగింది. నీ మడి గంట కొట్టదుగా! నాలుగు రోజులు ఆట ముట్టుకోమాక, అదే దారికొస్తది."

ఎదురుగా ఉంటే ముట్టుకోకుండా ఉండడమా? తిన్నగా వెళ్లి ఫోను కవిత చేతిలో పెట్టింది.

"నేనడిగినా ఇయ్యమాక."

"ఎందుకత్తా?"

"కళ్లు మంటలే."

అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

మొదటి రోజంతా వేలు దురదపెట్టింది. రెండో రోజు అన్నం ఎప్పటిలాగే ఉడికింది. మూడో రోజుకు బర్రె కూడా మంచిదైపోయింది. మారింది కవితే. పూటకోసారి గోడ మీదుగా తొంగిచూసి, "మొలిచిందా అత్తా?" అంటుంది.

"ఏమే, చల్లిననాడు లేని తొందర ఇప్పుడేంది నీకు?"

తొమ్మిదో రోజు గడ్డి తీసే ముందు మస్తానమ్మ కవితను పిలిచి, ఇక దాచలేక చెప్పేసింది.

"ఈ మూల మొలవదే. ఫోనులో ఆట పిచ్చిలో నేనే గెలికా. ఇత్తనం నీది, తిట్టు."

కవిత తిట్టలేదు. అలా ఊరుకోవడం ఆమె స్వభావం కాదు.

గడ్డి తీశారు. మడంతా పచ్చటి నలుసులు తలెత్తి ఉన్నాయి. ఈ మూల చాటంత బోడి. అవతలి మూల ఇంకో బోడి, దీనికి రెండింతలు.

మస్తానమ్మ అటు చూసింది, ఇటు చూసింది. కవిత రెండు చేతులూ కొంగులో దాచుకుంటోంది. గోళ్ల నిండా నల్లమట్టి.

"నిన్న నువ్వు బర్రెను తోలుకెళ్లినప్పుడు... ఒక్కసారే అత్తా."

మస్తానమ్మ మిగిలిన మడిని కళ్లతోనే కొలిచింది. ఎకరానికి సరిపోతుంది. చేతివాసి ఎక్కడికీ పోలేదు. ఊపిరి పీల్చుకుని చెయ్యి చాపింది.

"ఇటియ్యవే ఆ ఫోను."

"ఇస్తా అత్తా, ఇస్తా. టమాటా పండింది, అదొక్కటి కోసి..."