మిస్డ్ కాల్ చాలు

పంపుసెట్టు మోటారును తన జూనియర్ జీవా రాసిన కోడ్ ఆలస్యంగా ఆపుతోందని పొద్దున మేనేజర్ రాఘవేంద్రన్‌కు చెప్పింది యువరాణే. ఇప్పుడాయన జీవాను గదిలోకి పిలిపించాడు. తలుపు మూసుకోగానే ఆమెకు అనుమానం పట్టుకుంది.

కొలత సరైనదేనా? ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఆ కోడ్ వేసే ప్రతి అడుగుకూ టైమును స్క్రీన్ మీద రాయించింది తనే. అలా రాయడానికి మాత్రం టైము పట్టదా?

అంతలో అమ్మ కన్నమ్మాళ్ ఫోను చేసింది.

“పనిలో ఉండానమ్మా!”

“సరి కన్నూ, మాట్లాడొద్దులే. ఇంటికొచ్చే కినత్తుకడవు బస్సెక్కినాక ఒక మిస్డ్ కాల్ ఇయ్యి, చాలు.”

యువరాణి ఫోను పెట్టేసింది. నిజమే, ఒక్కసారి మోగితే చాలు, మాటెందుకు?

గబగబా ఆ రాతలన్నీ పీకేసింది. కోడ్ మొదలవగానే బోర్డు మీది ఒక పిన్నులో వోల్టేజి లేపి, ముగియగానే దించే రెండే వరుసలు పెట్టింది. వోల్టేజిని తెర మీద గీతగా చూపే ఆసిల్లోస్కోప్ తీగను ఆ పిన్నుకు తగిలించింది.

తెర మీద సన్నటి గీత లేచి, చటుక్కున పడిపోయింది. ఎన్నిసార్లు నడిపినా అంతే. మోటారు ఆపాల్సిన గడువులో పావు వంతు కూడా పట్టలేదు. పొద్దున కనబడిన ఆలస్యమంతా ఆమె పెట్టిన రాతల కాపలాదే!

పరుగున వెళ్ళి తలుపు మీద చెయ్యి వేసేలోపే అది తెరుచుకుంది. మెడలో ఉండాల్సిన ఐడీ కార్డు జీవా చేతిలో ఉంది.

“నా కోడ్‌దే తప్పని ఒప్పుకొనేసినా అక్కా, కార్డు ఇచ్చేసి పొమ్మన్నారు,” అన్నాడు. “మీరు కొలిస్తే తప్పుంటుందా?”