పదకొండూ పదికి నరసింహుడి కళ్లు

నంద్యాలలో నాది విగ్రహాల బేరం. ఆళ్లగడ్డలో చెక్కిస్తాను, అడిగిన చోటికి పంపిస్తాను. ఇంగ్లండులో ఒక గుడి కమిటీ ఐదు విగ్రహాలు కావాలంది. మొదటిది నరసింహస్వామి. కళ్లు చెక్కేటప్పుడు తాము ఫోన్‌లో చూడాలని, ముహూర్తం తప్పితే మిగతా నాలుగూ తమిళనాడులో చెక్కించుకుంటామని కమిటీ తరఫున దీపిక ముందే చెప్పింది.

ముహూర్తం మార్చి చివరి ఆదివారం, వాళ్ల గడియారంలో పగలు పదకొండూ పది. మనం వాళ్లకంటే ఐదున్నర గంటలు ముందు. కూడితే మనకు నాలుగూ నలభై. శిల్పి మౌనాచారి ఆ మాట విని ఉలి కింద పెట్టాడు.

"ఆదివారం నాలుగున్నర నుంచి రాహుకాలం. నేను ముట్టను శెట్టీ."

"ఆడ అప్పుడు పగలు పదకొండే ఆచారీ. వాళ్లకు రాహుకాలం లేదు."

"రాహువు ఈడుండాడు, నా ఉలీ ఈడనే ఉండాది. ఆడ లేకుంటే ఆడనే చెక్కించుకోమను."

వారం రోజులు బతిమాలాను. ఆయనకంటే ఆయన చెక్కే రాయి మెత్తన. ఆదివారం ఆఖరిసారి అడిగి చూద్దామని నంద్యాలలో బండి తీస్తుంటే, మూడుంబావుకు దీపిక ఫోను.

"అంకుల్, ఇంకో ఇరవై ఐదు నిమిషాలే. అందరం వచ్చి కూర్చున్నాం."

"ఇంకా గంటన్నర ఉండాది గదమ్మా!"

"రాత్రి మా దేశమంతా గడియారాలు గంట ముందుకు జరిపాం. ఎండాకాలానికి ప్రతి ఏడూ జరుపుతాం. ఇప్పుడు మీకూ మాకూ నాలుగున్నర గంటలే తేడా."

ఒక దేశం దేశమే గడియారం తిప్పుకుంది, నాకొక్క ముక్క చెప్పలేదు. తిట్టుకుంటూనే లెక్క మళ్లీ వేశాను. మూడూ నలభై. రాహుకాలానికి యాభై నిమిషాలు ముందు! కానీ ఆళ్లగడ్డ గంట దూరం. విగ్రహాలను పెట్టెల్లో సర్దే కృపావరానికి ఫోన్ చేశాను. అప్పుడే చర్చి నుంచి వచ్చి అన్నం తిని పడుకున్నాడట.

"లెయ్యి! ఆచారి కాడికి ఉరుకు. మూడూ నలభైకి స్వామి కళ్లు తెరవాల. రాహుకాలం లేదని చెప్పు. నీ ఫోన్‌లో దీపికమ్మకు చూపించు."

"అన్నా, స్వామి మొదటి చూపు అద్దం మీద పడాలంట గదా. అద్దం యాడ తెచ్చేది?"

"నీ బండిది పీకు!"

నేను చేరేసరికి నాలుగూ ఇరవై. స్వామి కళ్లు తెరిచి, కృపావరం బండి అద్దంలో తన కోరలు చూసుకుంటున్నాడు. ఆచారి చేతులు కడుక్కుంటున్నాడు.

దీపిక మెసేజ్ పెట్టింది: "మిగతా నాలుగు విగ్రహాలూ మీకే అంకుల్. ముహూర్తాలు పంపమంటారా?"

"పంపమ్మా," అని జవాబు రాశాను. "మా గడియారం ప్రకారం రాసి పంపు."