సరైన పేరు

కంప్యూటరు తెర మీద ఒక పేరు చదవడం, మరణాల రిజిస్టరులో అదే పేరు వెతికి స్కేలు ఒక గీత కిందికి జరపడం. దేవదాస్ పొద్దుటి నుంచీ ఒత్తులు సరిచూస్తూనే ఉన్నాడు. రోజూ మల్యాల నుంచి బస్సులో వచ్చి, జగిత్యాల చర్చి ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా టైపు కొడుతున్న మనిషి. చూపుడు వేళ్ల కొసలు చదునెక్కాయి, మెడ ఎడమకు ఒరిగిపోయింది. సంఘం నెలపత్రిక ఆయన కొట్టిందే, పెళ్లి ప్రకటనలూ ఆయన కొట్టినవే. తన పేరు మాత్రం ఎక్కడా వేసుకోలేదు.

చర్చికి వెబ్‌సైట్ పెడుతున్నారు. అందులో, సంఘంలో చనిపోయిన వాళ్ల పేర్లకు ఒక పేజీ. పాత రిజిస్టర్లలోంచి ఏరి ఆరువందల పన్నెండు పేర్లు కొట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఉచితంగా దొరికే ఒక సాదా సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి చూశాడు. ఒక్క ఒత్తు కూడా చెదరలేదు.

చర్చి ఊడ్చే వజ్రమ్మ గడప తుడుస్తూ లోపలికి తొంగిచూసింది.

“మా ఆయన పేరు ఎక్కిందా, అన్నా?”

“ఎక్కింది చెల్లె. ఇగ నీ ఫోన్లనే సూసుకుందువు.”

వజ్రమ్మ నలభై దాటాక బైబిలు చదవాలని పట్టుబట్టి అక్షరాలు నేర్చుకుంది. తెలుగు తప్ప ఇంకోటి చదవలేదు. భర్త ప్రభుదాస్ మస్కట్‌లో పోతే అక్కడే పూడ్చేశారు. ఇక్కడ ఆయనకు సమాధి లేదు. ఉన్నదల్లా ఈ పేరే.

పదకొండింటికి కమిటీ కూర్చుంది. వెబ్‌సైట్‌కు ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో ఇవాళ తేల్చాలి. దేవదాస్ తన సాదా పేజీ చూపిస్తే ఎవరూ పెద్దగా చూడలేదు. సెక్రటరీ సంపత్ హైదరాబాదు కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను ప్రొజెక్టరుతో గోడ మీద వేశాడు. చర్చి గోపురం చుట్టూ డ్రోన్ తిరిగింది, వెనక మబ్బులు కదిలాయి.

“సిరిసిల్ల చర్చోళ్ల వెబ్‌సైట్ల గిట్ల కదుల్తదా?” అన్నాడు సంపత్. అందరి మొహాలూ వెలిగిపోయాయి.

“ఒక్క పేరు ఎక్కించి సూపెట్టుండ్రి సారు,” అన్నాడు దేవదాస్.

“నువ్వే కొట్టు.”

పేరు రాసే గడిలో, పోయిన తన తల్లి పేరు కొట్టాడు. సమ్మవ్వ. గడి చుట్టూ ఎర్రగీత వచ్చింది, కింద ఇంగ్లీషులో ఏదో వాక్యం.

“ఏమంటుంది?” అని అడిగారు పాస్టరు అయ్యగారు.

“సరైన పేరు రాయమంటున్నది అయ్యగారూ. గది ఇంగ్లీషు అక్షరాలే తీసుకుంటది. తెలుగు తర్వాత సూద్దాం,” అన్నాడు సంపత్ తేలిగ్గా.

దేవదాస్ చెవులు కాలిపోయాయి. తెలుగు తర్వాతట! ప్రార్థన తెలుగులో, పాట తెలుగులో, కానుకలు వేయమనేది తెలుగులో. చచ్చినవాడి పేరు మాత్రం ఇంగ్లీషులో! పైన పటారం, లోన లొటారం. దానికి ఇంతమంది పెద్దమనుషులు తలలూపడం!

“మా అవ్వ పేరు పేరు గాదా సారు? గీ గోడలకు తట్టలు మోసింది మా అవ్వ. సరైన పేరేందో గీ డబ్బా జెప్పాల్నా నాకు?”

“గంత కోపమేంది? ఇంగ్లీషుల కొట్టు, అయిపోతది.”

“మరి వజ్రమ్మ ఎట్ల సదువుతది?”

“వజ్రమ్మ కోసం వెబ్‌సైట్ పెడ్తున్నమా?”

ఎవరో నవ్వారు. గడప దగ్గర తుడుస్తున్న వజ్రమ్మ చెయ్యి ఆగింది. అయ్యగారు తల వంచుకుని, ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నారు. తొమ్మిది మందీ ఎత్తారు.

దేవదాస్ లేచాడు. ఆఫీసు గదికి వెళ్లి పేర్లన్నీ ప్రింటు తీశాడు. పద్నాలుగు కాగితాలు. గేటు పక్కనున్న నోటీసు బోర్డుకు వాటిని వరసగా గుండుసూదులతో గుచ్చాడు. రెండు సూదులు వేలికి దిగాయి. ఆఫీసు తాళంచెవి రిజిస్టరు మీద పెట్టి, టిఫిను సంచి భుజాన వేసుకుని మల్యాల బస్సెక్కాడు. ఆ తర్వాత ఆ గదికి ఆయన మళ్లీ రాలేదు.

ఆ రోజు ఆయన వెళ్లిన కాసేపటికి కమిటీ లేచి బయటికొచ్చింది. బోర్డు చూసి సంపత్ మండిపడ్డాడు.

“ఎవలనడిగి పెట్టిండు గివన్ని?”

కాగితం పీకబోతుంటే వజ్రమ్మ అడ్డం వచ్చి నిలబడింది. చేతిలో చీపురు ఉంది.

“చెయ్యి వెట్టకుండ్రి సారు. మా ఆయన పేరున్నది దాంట్ల.”

సంపత్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తొమ్మిదో కాగితం మీద, ప్రభుదాస్ అన్న పేరు కింద, వజ్రమ్మ తడిచేతి వేలిగుర్తు ఇంకా ఆరలేదు.