నవంబరు వాన

1982 జూన్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం. తిరుపతిలోని యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో ప్రింటర్ ఆగింది. ఆపరేటర్ ధనంజయ కాగితం చించి చూశాడు.

“ఏందమ్మా ఇది? చిత్తూరు జిల్లాలో నవంబర్లో సుక్క వాన పడలేదంటాది నీ ప్రోగ్రాం. మరి మా పెరటి గోడ ఎట్ల పడిపోయిందంట?”

కుముదవల్లి నవ్వలేదు. వేరుశనగ పంటకూ వానకూ ఉన్న సంబంధం మీద ఆమె పరిశోధన చేస్తోంది. సోమవారం సెమినార్. అందులో నిలబడితేనే ఫెలోషిప్ కొనసాగుతుంది. రేపటి నుంచి మిషన్‌ను పరీక్షా ఫలితాలకు ఇచ్చేస్తారు.

గైడ్ మునిరామయ్య వచ్చి కాగితం చూశాడు.

“మిషను తప్పు చెయ్యదమ్మా. నీ కార్డులు సూసుకో.”

ఆమె ప్రోగ్రాంలో ఒక్కో నెల వానను కూడే వాక్యం చిల్లులు కొట్టిన ఒక్కో అట్ట కార్డు మీద ఉంది. ప్రతి తాలూకాకూ ఆ వాక్యాలన్నీ మళ్లీ మొదటి నుంచి నడవాలి. చివరిది నవంబరు. ఆమె ఆ కార్డును పైకి తెచ్చి, జూన్ కార్డును చివర పెట్టింది. మళ్లీ నడిపించారు. నవంబరు వాన వచ్చింది. జూన్ సున్నా అయింది.

“సార్! తప్పు నాది కాదు. ఫోర్‌ట్రాన్‌లో రాసిన ప్రోగ్రాంను మిషన్ భాషలోకి మార్చేటప్పుడు కంపైలర్ ఆ వరసలో చివరి వాక్యాన్ని మింగేస్తోంది!”

“అయితే చివర ఏ పనీ లేని వాక్యం ఒకటి పెట్టమ్మా. దాన్ని తింటాది” అన్నాడు ధనంజయ.

పెట్టారు. కంపైలర్ ముందు దాన్ని పనిలేనిదని తీసి పారేసి, తర్వాత జూన్‌ను మింగింది.

కుముదవల్లి తండ్రి పేరు శఠగోపం. గుళ్లో ఆళ్వార్ల పాశురాలను కలిసి చెప్పే గోష్ఠి బృందంలో ఆయన ఒకడు.

“గోష్ఠిలో మా నాయనవాళ్లు చివరి పాశురం రెండుసార్లు చెప్తారు. చివరి వాక్యం మనమూ రెండుసార్లు పెడదాం సార్. ఒకటి పోయినా ఒకటి మిగులుతుంది.”

“పాశురం రెండుసార్లు చెప్తే పుణ్యం. రెండూ మిగిలితే మాత్రం వాన రెండింతలు. జిల్లా మునిగిపోతాది” అన్నాడు మునిరామయ్య.

ఆమె కార్డులను మొదటి వరసలోకి మార్చి, పంచింగ్ మిషన్ మీద నవంబరు కార్డుకు జోడుగా అలాంటిదే ఇంకొకటి కొట్టి చివర పెట్టింది. చిత్తూరు తాలూకా నవంబరు మొత్తం ముందే చేత్తో కూడి ఉంచుకుంది. ప్రింటర్ మొదలైంది. ముగ్గురూ దాని మీదికి వంగారు. చిత్తూరు వరస వచ్చింది. ఆమె అంకె కింద వేలు పెట్టింది. సరిపోయింది.

“పడిండాది! వాన పడిండాది సార్!” అని ధనంజయ బల్ల చరిచాడు.

మునిరామయ్య సెమినార్ కాగితం మీద సంతకం పెట్టాడు. పెన్ను మూయబోయి ఆగాడు.

“ఈ కంపైలర్ టేపు ఎప్పుడొచ్చింది ధనంజయా?”

“పోయిన నెలే సార్.”

“పోయిన వారం నేను మద్రాసుకు పంపిన వ్యాసం లెక్కలు దీంట్లోనే కదప్పా చేసింది?”

కుముదవల్లి అప్పటికే ఆయన కార్డుల పెట్టె తెరిచి, చివరి వాక్యం ఉన్న కార్డు తీసుకుని పంచింగ్ మిషన్ వైపు పరుగెత్తింది.